నాలుగు వారాలు ఇంగ్లండ్‌లో ఆఫీసు పని: శని, ఆదివారాలు ఎటు వెళ్లమంటారు?

బ్రాడీపేట_4వలైను · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఉద్యోగం మంగళగిరిలో. అక్టోబర్ మూడో వారంలో ఆఫీసు వాళ్లు నన్ను ఇంగ్లండ్ పంపిస్తున్నారు. ఊరి పేరు రీడింగ్, లండన్‌కి పడమటి వైపు. ఉండేది నాలుగు వారాలు. దేశం దాటడం ఇదే మొదటిసారి. సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లయింట్ ఆఫీసులోనే, సాయంత్రం నాలుగింటికల్లా వదిలేస్తారంట. శని, ఆదివారాలు నావి. చివరి శనివారం తిరుగు విమానం కాబట్టి లెక్కకి ఆరు రోజులు దొరుకుతాయి.

మళ్లీ ఎప్పుడు వెళ్తానో తెలీదు. రూములో పడుకుని వచ్చేస్తే తర్వాత చాలా బాధపడతాను. ఆఫీసు ఇచ్చే భత్యంలోనే సర్దుకోవాలి. తిండి శాకాహారం. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఆ ఆరు రోజులూ ఎలా వాడుకోమంటారు?

పటమట_రాజా · సోమవారం రాత్రి 9:40

కంగ్రాట్స్ తమ్ముడూ. మొదటి శనివారమే లండన్ చుట్టేసెయ్. పొద్దున్నే వెస్ట్‌మినిస్టర్‌లో దిగు, బిగ్ బెన్, పార్లమెంటు చూసుకుని నది పక్కనే నడుచుకుంటూ లండన్ ఐ, అక్కణ్ణించి సెయింట్ పాల్స్, టవర్ ఆఫ్ లండన్, టవర్ బ్రిడ్జి. మధ్యాహ్నం బకింగ్‌హామ్ ప్యాలెస్, సాయంత్రం పికడిల్లీ. గట్టిగా నడిస్తే ఒక్క రోజులో అయిపోతాయి, నేను చేశాను. ఒకటి గుర్తుపెట్టుకో: ఫొటోల్లో రెండు గోపురాలతో కనిపించేది టవర్ బ్రిడ్జి. లండన్ బ్రిడ్జి వేరు, అది మామూలు వంతెన. చాలామంది అక్కడ దిగి వెతుక్కుంటారు.

సత్యనారాయణపురం_అక్క · సోమవారం రాత్రి 10:25

బాబూ, నేను 2018లో ఒకసారి, 2023లో ఒకసారి ఆఫీసు పని మీదే వెళ్లాను. చూడాల్సినవి తర్వాత, ముందు తెలుసుకోవాల్సినవి చెప్తాను.

నీ బ్యాంకు కార్డుకి విదేశీ వాడకం ఇక్కడే ఆన్ చేయించుకో. రైలు గేటు దగ్గర ఆ కార్డే ఆనిస్తే సరిపోతుంది, ఎక్కేటప్పుడు ఏ కార్డు ఆనించావో దిగేటప్పుడూ అదే ఆనించాలి. లండన్‌లో అందరూ ఆయిస్టర్ కార్డు కొనుక్కోమంటారు గానీ అది రీడింగ్ దాకా చెల్లదు. 2022లో మొదలైన ఎలిజబెత్ లైను రైళ్లు రీడింగ్ నుంచి లండన్ నడిబొడ్డుకి నేరుగా వెళ్తాయి, కాకపోతే ప్రతి స్టేషన్‌లో ఆగుతూ వెళ్తాయి. తొందరగా ఉంటే వేగం రైల్లో ప్యాడింగ్టన్ వెళ్లి అక్కడ మారు, అరగంటలోపే.

శని, ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు పెట్టుకుంటారు వాళ్లు. రైలు బదులు బస్సు వేస్తారు, గంట ప్రయాణం రెండున్నర గంటలవుతుంది. ముందు రోజు రాత్రే ఫోన్‌లో చూసుకోవాలి.

ఆదివారం పెద్ద దుకాణాలు ఆరు గంటలే తెరుస్తారు, అది అక్కడి చట్టం. సాయంత్రం వచ్చి కూరగాయలు కొందాంలే అనుకుంటే పస్తే. ఇంకో సంగతి, అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకీ వాళ్లకీ తేడా నాలుగున్నర గంటలు, ఆ తర్వాత ఐదున్నర. అమ్మకి ఫోన్ చేసేటప్పుడు గుర్తుంచుకో. నవంబర్ వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. ఆరుబయట చూసేవన్నీ పొద్దున పెట్టుకో, నాలుగు గోడల మధ్యవి సాయంత్రానికి ఉంచుకో.

తిండికి: కందిపొడి, కారప్పొడి, చింతకాయ పచ్చడి తీసుకెళ్లు, పెద్ద బ్యాగులోనే పెట్టు. నెయ్యి, పాలకోవా పెట్టొద్దు. పాలతో చేసినవీ మాంసమూ మన దేశం నుంచి తీసుకెళ్లడానికి ఒప్పుకోరు. బియ్యం, పప్పు, పెరుగు అక్కడే దొరుకుతాయి. చిన్న కుక్కరు ఉంటే చాలు, పొద్దున్నే పెరుగన్నం డబ్బా కట్టుకుని బయల్దేరితే రోజు ఖర్చు సగం మిగులుతుంది.

రాజా చెప్పినట్టు ఒక్క రోజులో పది చూడటం నేనూ చేశాను. ఇప్పుడు అడిగితే ఏ మెట్లు ఎక్కానో, ఎక్కడ దిగానో గుర్తు లేదు.

ధరణికోట_మాస్టారు · మంగళవారం ఉదయం 6:05

నాయనా, నేను ఇంగ్లండ్ చూడలేదు. అమరావతి పక్కన ధరణికోటలో ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. నీ ఆరు రోజుల్లోంచి ఒక్క పూట అడుగుతున్నాను.

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం ఉంది, చూడటానికి డబ్బులివ్వక్కర్లేదు. అందులో 33ఏ అనే గది. ఆ గది నిండా మన అమరావతి రాళ్లే. మీ బ్రాడీపేటకి ముప్ఫై అయిదు కిలోమీటర్లలో ఉన్న మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం రాళ్లు. ఆ మ్యూజియం దగ్గర మొత్తం నూట ఇరవైకి పైగా ఉన్నాయి. ఇక్కడ మా పిల్లల్ని దిబ్బ దగ్గరికి తీసుకెళ్తే, 'ఏది సార్ స్తూపం?' అని అడిగేవాళ్లు. గుండ్రంగా ఇటుకల మట్టు, చుట్టూ పాతిన కొన్ని పలకలు, అంతే. ఏభై మీటర్ల అడ్డకొలత ఉన్న కట్టడం అని నోటితో చెప్పి ఒప్పించాల్సి వచ్చేది.

ఎలా వెళ్లాయో కూడా చెప్తాను, చూసేటప్పుడు పనికొస్తుంది. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి నుంచి అమరావతికి రాజధాని మార్చినప్పుడు, జనం దీపాల దిన్నె అనే ఆ దిబ్బని ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వుకున్నారు. కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లోకి పోయాయి. అప్పుడే కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత 1816లో మళ్లీ మనుషుల్ని పెట్టి పలకలకి బొమ్మలు వేయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. అక్కడ ఎండకీ వానకీ ఏళ్ల తరబడి ఆరుబయట పడున్నాయి. 1859లో ఓడెక్కాయి. బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో. ఇప్పుడున్న గది తెరిచింది 1992లో.

అక్కడ ఒక పలక వెతుకు. అండం, అంటే స్తూపం పైన గుమ్మటంలా ఉండే భాగం, దాని కింది డ్రమ్ము చుట్టూ పెట్టిన పలకల్లో ఒకటి, రెండు వైపులా చెక్కి ఉంటుంది. ఒక వైపు మొత్తం స్తూపం బొమ్మ: గుండ్రటి అండం, ద్వారం మీద సింహాలు, ఎదురుగా అయిదు ఆయక స్తంభాలు. మహాచైత్యం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకి తెలుస్తున్నది ముఖ్యంగా ఇలాంటి పలకల వల్లే. వెనక వైపు అంతకు మూడొందల ఏళ్ల ముందు చెక్కింది. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. ఆ రోజుల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవాళ్లు కాదు. ఖాళీ ఆసనమే ఆయన.

పుస్తకంలో ఆ రెండు ఫొటోలూ చూపించి ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను. ఆ రాయి మందం ఎంతో, వెనక్కి నడిచి చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలీదు. నువ్వు చూసొచ్చి చెప్పు.

బ్రాడీపేట_4వలైను · మంగళవారం ఉదయం 8:30

మాస్టారూ, నమస్కారం. సిగ్గుగా ఉంది, అమరావతి నేను మూడుసార్లు వచ్చాను. గుడికి వచ్చి, కృష్ణలో స్నానం చేసి, ధ్యానబుద్ధ దగ్గర ఫొటో దిగి వెళ్లిపోయాను. ఈ రాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. తప్పకుండా చూస్తాను.

అరండల్‌పేట_12 · మంగళవారం ఉదయం 10:15

మాస్టారి మీద గౌరవంతోనే అంటున్నాను. మన రాళ్లు వాళ్లు పట్టుకుపోయి గాజు గదిలో పెట్టుకుంటే మనం వరుసలో నిలబడి చూసి మురిసిపోవాలా? అక్కడికి వెళ్లడం అంటే ఒప్పుకున్నట్టే. తిరిగి తెచ్చేదాకా నేనైతే ఆ గుమ్మం తొక్కను.

ధరణికోట_మాస్టారు · మంగళవారం ఉదయం 11:50

బాబూ, నీ కోపం నాకూ ఉంది. ఆ రాళ్లు అమరావతిలో ఉండాలనే కోరుకుంటాను, ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను. 1963 నాటి వాళ్ల మ్యూజియం చట్టం ప్రకారం ధర్మకర్తలు తమ దగ్గరున్నవి సులువుగా ఇచ్చేయడానికి వీల్లేదు, ఆ చట్టం మారాలి. అది పెద్దవాళ్ల మధ్య తేలాల్సిన వ్యవహారం.

అయితే మా ఊళ్లో సున్నం బట్టీలో కాలిపోయిన పలకలకి ఎవరి మీద కోపపడను? చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఇంకో పెద్ద భాగం ఉంది. మదపుటేనుగు నలగిరిని బుద్ధుడు లొంగదీసిన శిల్పం, అందరూ పుస్తకాల్లో చూసేది, అక్కడే ఉంది. ఒక రాత్రి రైలెక్కితే పొద్దున్నే చెన్నై. మన జిల్లా నుంచి ఎంతమంది వెళ్లి చూశారు? చూడని దాన్ని అడగడానికి మనకి మాటలెక్కడ దొరుకుతాయి? అందుకే వెళ్లి చూడమంటున్నాను. చూసినవాడే గట్టిగా అడగగలడు.

అరండల్‌పేట_12 · మంగళవారం మధ్యాహ్నం 12:20

చెన్నైలో ఆరేళ్లు చదివాను మాస్టారూ. ఎగ్మోరు స్టేషన్‌లో వందసార్లు దిగాను. ఒక్కసారి కూడా వెళ్లలేదు. వెళ్తాను.

కృష్ణలంక_కరకట్ట · మంగళవారం రాత్రి 8:55

నాదొక మాట. రీడింగ్‌లో ఉంటున్నావు కాబట్టి చెప్తున్నా, లండన్‌లో ఉండేవాళ్లకి చెప్పను.

మా నాన్న బందరు కాలువ మీద లస్కరు. చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి పటాల పక్కన కాటన్ దొర ఫొటో ఉండేది. గోదావరి వాళ్లకి ధవళేశ్వరం ఎలాగో మనకి బెజవాడ ఆనకట్ట అలాగ. 1852 నుంచి 1855 దాకా కట్టారు, కాటన్ పథకం, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. 1952లో అది తెగింది, దాని తర్వాతే ప్రకాశం బ్యారేజీ వచ్చింది, 1957లో. ఇప్పుడు మనం తూర్పు కాలువ, పడమర కాలువ అంటున్నామంటే ఆ మొదటి ఆనకట్ట పుణ్యమే. రైళ్ల మీద పెట్టే డబ్బు కాలువల మీద పెట్టండని సొంత ప్రభుత్వంతోనే పోట్లాడిన మనిషి ఆయన.

ఆయన 1899లో పోయారు, డార్కింగ్ అనే చిన్న ఊళ్లో. సమాధి అక్కడి శ్మశానంలోనే ఉంది. రీడింగ్ నుంచి డార్కింగ్ డీప్‌డీన్ స్టేషన్‌కి రైలు మారక్కర్లేదు, సుమారు గంట ప్రయాణం. స్టేషన్ నుంచి రైగేట్ రోడ్డు పట్టుకుని నడిచి వెళ్లొచ్చు. 2019లో ప్రాజెక్టు పని మీద వెళ్లినప్పుడు నేను వెళ్లాను. నాన్న బ్యారేజీ దిగువన ఒక చిన్న సీసాలో కృష్ణ నీళ్లు పట్టి ఇచ్చాడు. బట్టల మధ్య చుట్టి తీసుకెళ్లి ఆ రాయి మీద పోశాను. నాన్నకి వీడియో కాల్ చేస్తే ఏమీ మాట్లాడలేదు, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాన్న ఇప్పుడు లేడు.

నీకు ఓపికుంటే నేనే వచ్చి సీసా ఇస్తాను. బెజవాడ బస్టాండులోనైనా సరే, గుంటూరులోనైనా సరే.

బ్రాడీపేట_4వలైను · మంగళవారం రాత్రి 9:10

అన్నా, నేనే వస్తాను. ఆదివారం పొద్దున సీతానగరం వైపు ఘాట్ దగ్గర కలుద్దాం.

పటమట_రాజా · బుధవారం ఉదయం 7:45

మీరందరూ బాగానే చెప్తున్నారు గానీ, కుర్రాడు మొదటిసారి వెళ్తున్నాడు, బిగ్ బెన్ చూడకపోతే ఇంటికొచ్చాక ఏం చెప్తాడు? రాళ్లూ సమాధులూ ఒక రోజు చాలు. రీడింగ్ నుంచి ఆక్స్‌ఫర్డ్ అరగంట కూడా లేదు, బాత్ గంట. స్టోన్‌హెంజ్ కూడా ఉంది, బేసింగ్‌స్టోక్‌లో మారి సాల్స్‌బరీ, అక్కణ్ణించి బస్సు. విండ్సర్ కోట దగ్గరే.

సత్యనారాయణపురం_అక్క · బుధవారం ఉదయం 9:00

విండ్సర్ వెళ్తే శనివారం వెళ్లు బాబూ. రాజుల సమాధులున్న సెయింట్ జార్జ్ చాపెల్‌లోకి ఆదివారం సందర్శకుల్ని పంపరు, ప్రార్థనలుంటాయి. బాత్ నాకు నచ్చింది, రోమన్లు కట్టిన వేడినీళ్ల గుండం ఇప్పటికీ పొగలు కక్కుతూ ఉంటుంది. స్టోన్‌హెంజ్ దారిలోనే సగం రోజు పోతుంది, నవంబర్ వెలుతురుకి కుదరదు.

లండన్‌లో ఇంకో చోటు, గ్రీనిచ్. కొండ మీద అబ్జర్వేటరీ, లోపలికి టికెట్టు, పార్కు మాత్రం ఉచితం. సున్నా రేఖాంశం అక్కణ్ణించే లెక్క. మన గడియారం నడిచే 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. మా అబ్బాయికి ఆ గీత మీద నిలబడి ఫోన్ చేసి, ఇక్కడెంతైంది, అక్కడెంతైంది అని లెక్క చెప్పాను. ఎనిమిదేళ్ల పిల్లాడు, పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కనిది ఆ రోజు ఎక్కింది.

బ్రాడీపేట_4వలైను · ఆదివారం రాత్రి, రీడింగ్ నుంచి

అందరికీ నమస్కారం. మొదటి వారాంతం అయింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

శనివారం రాజా అన్న చెప్పినట్టే చేశాను. పొద్దున ఏడున్నరకి బయల్దేరాను. బిగ్ బెన్ గంట కొట్టడం విన్నప్పుడు ఒళ్లు పులకరించింది, అబద్ధం చెప్పను. ఆ తర్వాత అంతా పరుగే. సెయింట్ పాల్స్ బయట మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తిన్నాను, లోపలికి వెళ్లలేదు. టవర్ బ్రిడ్జికి చేరేసరికి కాళ్లు బొబ్బలు. రాత్రి లెక్క చూస్తే ఇరవై రెండు కిలోమీటర్లు నడిచాను, రెండొందల పైచిలుకు ఫొటోలు. పడుకుని ఒక్కొక్కటే చూస్తుంటే కొన్ని ఏ భవనాలో నాకే తెలీలేదు.

ఆదివారం మ్యూజియంకి వెళ్దామనుకున్నాను. అక్క చెప్పిన మాట మర్చిపోయి రాత్రి ఫోన్ చూసుకోలేదు. స్టేషన్‌కి వెళ్తే పట్టాల పని, బస్సు. వానలో నలభై నిమిషాలు నిలబడ్డాను. లండన్ చేరేసరికి రెండున్నర. చీకటి పడే ముందు తిరిగి రావాలన్న తొందరలో మ్యూజియం లోపలికి వెళ్లి, గదులు తెలీక ఈజిప్టు మమ్మీల దగ్గర జనంలో ఇరుక్కుపోయి వచ్చేశాను. 33 దాకా వెళ్లనే లేదు. మాస్టారూ, క్షమించండి.

సత్యనారాయణపురం_అక్క · ఆదివారం రాత్రి

అయ్యో, దాంట్లో క్షమించడానికేముంది. కాళ్లకి ఉప్పు వేసిన వేడినీళ్లు పెట్టుకో ముందు.

ఇప్పుడు ఇలా చెయ్యి. ఆ మ్యూజియం మామూలు రోజుల్లో అయిదింటికి మూసేస్తారు, శుక్రవారం ఒక్కరోజు రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. నాలుగింటికి ఆఫీసు వదిలితే వేగం రైలెక్కు, ప్యాడింగ్టన్‌లో ఎలిజబెత్ లైనుకి మారు, రెండో స్టేషన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు, అక్కణ్ణించి నడక. ఆరింటికల్లా లోపల ఉంటావు. వెబ్‌సైట్‌లో ఉచిత టికెట్టు ముందే తీసిపెట్టుకో. ఇంకేమీ చూడొద్దు ఆ రోజు. 33 నంబరు గది పొడవుగా ఉంటుంది, చైనా ఒక వైపు, మన దేశం ఒక వైపు. మన వైపు చివర గాజు తలుపులు, అదే 33ఏ.

బ్రాడీపేట_4వలైను · శుక్రవారం, అర్ధరాత్రి దాటాక

ఇప్పుడే రూముకి వచ్చాను. నిద్ర రావట్లేదు, రాసేస్తున్నాను.

ఆరు దాటాక లోపలికి వెళ్లాను. జనం పల్చగా ఉన్నారు. గాజు తలుపు తోసుకుని లోపలికి అడుగు పెడితే చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. పలకలు గోడ పొడవునా నిలబెట్టి ఉన్నాయి. వీటిని పాలరాయి అంటారు గానీ పాలరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయే, లేత బూడిద రంగులో ఎక్కడో పచ్చటి జీర. పిడుగురాళ్ల దారిలో లారీల మీద చూసే రాయి. అది చూడగానే నాకు ఊరు గుర్తొచ్చేసింది, శిల్పం కంటే ముందు.

స్తూపం చుట్టూ ఉండే కంచె పైన అడ్డంగా పెట్టే రాళ్ల మీద పూలదండ చెక్కారు. దండ అంటే మెడలో వేసేది కాదు, మనిషి నడుమంత లావు, అలలు అలలుగా పోతూనే ఉంటుంది, కింద మనుషులు దాన్ని భుజాల మీద ఎత్తుకుని మోస్తుంటారు. ఒకడు బరువుకి మోకాలు వంచాడు. వాడి పక్కవాడు తల తిప్పి వాడికేసి చూస్తున్నాడు. రథోత్సవం రోజు మోకు పట్టుకున్నవాళ్లు పక్కవాళ్లని అలాగే చూస్తారు. ఆడవాళ్ల కాళ్లకి కడియాలు దొంతరలుగా ఉన్నాయి, వేలితో లెక్కపెట్టొచ్చు.

మాస్టారూ, మీరు చెప్పిన పలక దొరికింది. ముందు స్తూపం వైపు చూశాను. సింహాలు, అయిదు స్తంభాలు, ద్వారం మధ్యలో బుద్ధుడు నిలబడి ఉన్నాడు, పైన గాల్లో దేవతలు. ఇంత పనితనం ఒక్క రాతి మీద ఎలా పట్టిందో తెలీదు, అరచేతి మందం చోటు కూడా ఖాళీ వదల్లేదు. తర్వాత వెనక్కి నడిచాను. నాలుగడుగులే. నాలుగడుగుల్లో మూడొందల ఏళ్లు వెనక్కి వెళ్లినట్టు అనిపించింది. ఈ వైపు చెక్కడం పల్చగా, లోతు తక్కువగా ఉంది. చెట్టు, ఆసనం, చుట్టూ చేతులు జోడించిన జనం. ఆసనం మీద ఎవరూ లేరు. అందరూ ఆ ఖాళీకేసే చూస్తున్నారు. మీరు మందం అడిగారు. చేత్తో ముట్టుకోకూడదు కాబట్టి గాలిలోనే కొలిచాను, జానెడు లోపే.

ఒక పెద్దావిడ, అక్కడామే, చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని పెన్సిల్‌తో ఆ చెట్టు ఆకులు గీస్తోంది. నన్ను చూసి మీరు ఎక్కణ్ణించి అని అడిగింది. ఫోన్‌లో మ్యాప్ తీసి, ఇదిగో ఇది ఈ రాయి ఊరు, ఇదిగో ఇది మా ఇల్లు అని చూపించాను. ఆమె రెండు వేళ్లతో మ్యాప్ దగ్గరికి లాగి, 'అయితే మీ పక్కింటివాళ్లే' అంది. నాకు వెంటనే మాట రాలేదు.

రెండు గంటలు ఉన్నాను. మూసేస్తున్నామని చెప్తే వచ్చాను. అరండల్‌పేట అన్నా, నువ్వన్న మాట కూడా అక్కడ నిలబడ్డంతసేపూ నాతోనే ఉంది. ఇవి ఇక్కడుండకూడదు అనిపించింది. ఇంత బాగా చూసుకుంటున్నారే అనీ అనిపించింది. రెండూ నిజంగానే అనిపించాయి.

ధరణికోట_మాస్టారు · శనివారం ఉదయం 5:40

నాయనా, నాలుగడుగులు అన్నావు చూడు, అది ఏ పుస్తకంలోనూ లేదు. మా ఆవిడకి చదివి వినిపించాను.

జానెడు లోపే అన్న మాట రాసిపెట్టుకున్నాను. ముందు తరం చెక్కిన రాయినే తర్వాతివాళ్లు తిప్పి వాడుకున్నారు. పాత వైపు లోపలికి పోయింది, గోడకి ఆనుకుని కొన్ని వందల ఏళ్లు ఎవరికీ కనిపించకుండా ఉంది. అందుకే అరిగిపోకుండా మిగిలింది.

ఈ రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లుంటాయి. రాజులవే కాదు, వ్యాపారులు, గృహిణులు, భిక్షుణులు. విధికుడనే చర్మకారుడు ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణఘటం పలక ఇచ్చినట్టు ఒక శాసనం ఉంది. మన రాష్ట్ర చిహ్నంలోని పూర్ణఘటం ఈ శిల్పాల నుంచి వచ్చిందే. 'నాగబు' అనే మాట కూడా అమరావతి శాసనంలోనే దొరికింది, మొదటి తెలుగు మాటగా పండితులు చూపించేది అదే.

అరండల్‌పేట_12 · శనివారం ఉదయం 9:30

మాస్టారూ, వచ్చే శుక్రవారం రాత్రి చెన్నై రైలుకి టికెట్టు తీశాను. మా అమ్మాయిని కూడా తీసుకెళ్తున్నాను. ఏనుగు శిల్పం ఎగ్మోరులో ఏ వైపు ఉంటుందో చెప్పండి.

ధరణికోట_మాస్టారు · శనివారం ఉదయం 9:50

అమరావతి గ్యాలరీ అని అడుగు, చూపిస్తారు. గుండ్రటి పతకం అది. ఎడమ నుంచి కుడికి చదవాలి: ఎడమవైపు ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ వస్తుంది, కుడివైపు అదే ఏనుగు మోకరిల్లి ఉంటుంది. పైన కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ల మొహాలు మీ అమ్మాయికి చూపించు.

బ్రాడీపేట_4వలైను · రెండో ఆదివారం రాత్రి

కరకట్ట అన్నా, డార్కింగ్ వెళ్లొచ్చాను. ఈసారి ముందు రాత్రే రైళ్లు చూసుకున్నాను. సన్నగా వాన. సమాధి వెతకడానికి కాసేపు పట్టింది. సీసా మూత తీసి పోశాను, సగం మీ నాన్నగారి పేరు చెప్పి పోశాను. ఆయన పేరు నాకు తెలీదు కాబట్టి, బందరు కాలువ లస్కరు గారు అన్నాను.

కృష్ణలంక_కరకట్ట · ఆదివారం అర్ధరాత్రి

అంతే చాలు తమ్ముడూ. కాలువ మీద అందరూ అలాగే పిలిచేవాళ్లు.

పటమట_రాజా · సోమవారం ఉదయం

తమ్ముడూ, ఇంకో వారాంతం మిగిలుంది. ఈసారి నేనేం చెప్పను. నీ ఇష్టం.

బ్రాడీపేట_4వలైను · సోమవారం మధ్యాహ్నం

అలా అనకు అన్నా, బిగ్ బెన్ గంట నీ పుణ్యమే. శనివారం బాత్, ఒక్కటే, రోజంతా. ఆదివారం గ్రీనిచ్ పార్కు, అక్క చెప్పిన గీత. మిగతా సమయం బట్టలు ఉతుక్కుని పడుకుంటాను.

మాస్టారూ, తిరిగొచ్చాక అమ్మని తీసుకుని అమరావతి వస్తాను. మ్యూజియం, దిబ్బ రెండూ మీతో కలిసి చూడాలి. శుక్రవారం సెలవు పెడదామనుకుంటున్నాను, జనం ఉండరు కదా.

ధరణికోట_మాస్టారు · సోమవారం సాయంత్రం

శుక్రవారం రావద్దు నాయనా. ఇక్కడ మ్యూజియానికి సెలవు ఆ రోజే. శనివారం పొద్దున గుంటూరు బస్టాండులో అమరావతి బస్సెక్కి, ధరణికోటలో దిగు. రోడ్డు మీదే ఉంటాను. అమ్మగారికి నడక కష్టమైతే ముందే చెప్పు, ఆటో మాట్లాడి ఉంచుతాను.